అమ్మ మంచం దగ్గర ప్రతిపక్షం

ఫిబ్రవరి 24, సోమవారం

ఆ సర్జన్‌పై నాకు మూడు అభ్యంతరాలున్నాయి.

ఒకటి: అమ్మకు గర్భాశయ ముఖద్వారంలో క్యాన్సర్ ఉన్నదని చెప్పేటప్పుడు ఆవిడ బిస్కెట్ తింటోంది. రెండు: అదే పొట్లంలోంచి అమ్మకూ ఒకటి ఇచ్చింది. మూడు: అమ్మ తీసుకుంది.

"తొలిదశలోనే దొరికింది. చిన్నది. ఆపరేషన్ చేసేద్దాం," అన్నది ఆవిడ, వాన వస్తోంది కిటికీ మూసేద్దాం అన్నంత తేలికగా.

దొరకడం కూడా విచిత్రమే. అమ్మ పనిచేసే బస్సు డిపోలో ఆడ ఉద్యోగులకు ఉచిత పరీక్షలు పెట్టారు. నొప్పి లేదు, రక్తం పోవడం లేదు. పక్క సీటు ఆవిడ ఒక్కతే వెళ్లడానికి మొహమాటపడుతున్నదని అమ్మ తోడు వెళ్లింది. పక్క సీటు ఆవిడకు ఏమీ లేదు.

నేను లేచి నిలబడ్డాను. కూర్చుని ప్రశ్న వేయడం నాకు చేతకాదు.

"ఇలాంటివి మీరు ఎన్ని చేశారు?"

"ఇక్కడా, పెద్దాసుపత్రిలోనా?" ఆవిడ వారంలో సగం ఇక్కడ, సగం మహానగరంలో ఉంటుంది. ఇక్కడి కోతలన్నీ మంగళవారమే.

"ఇక్కడ."

"పందొమ్మిది."

"అక్కడ?"

"లెక్కపెట్టడం మానేశాను. కూర్చో తల్లీ, ఇది కోర్టు కాదు."

"పొట్ట కోయడం దేనికి? చిన్న చిన్న రంధ్రాలు పెట్టి, కెమెరాతో చేసే పద్ధతి ఉంది కదా? ఈ ఊళ్లో ఆ యంత్రం లేదని ఒప్పుకోండి."

"యంత్రం ఉంది. ఈ జబ్బుకి మాత్రం కోసి చేస్తేనే మేలని తేలింది. చదువుకో."

నన్ను. చదువుకోమంది. విశ్వవిద్యాలయ వాదోపవాద జట్టు నాయకురాలిని.

నాన్న అంతసేపూ గోడకున్న శరీర నిర్మాణ పటం వైపే చూస్తూ, "వెలుతురు ఒక పక్కనే పడింది దీనికి," అన్నాడు. నాన్నది ఫొటో స్టూడియో.

నేను భయపడటం లేదు. స్పష్టత కోసం నమోదు చేస్తున్నాను.


ఫిబ్రవరి 25

చేతులు కొద్దిగా వణుకుతున్నాయి. కాఫీ తగ్గించాలి.


ఫిబ్రవరి 27, గురువారం

గ్రంథాలయం నాకు ద్రోహం చేసింది.

వైద్య కళాశాల పఠనాలయంలో ఉదయం నుంచి కూర్చుని ఆ సర్జన్‌ను పడగొట్టే ఆయుధం కోసం వెతికాను. దొరికింది ఇది: ఎన్నో దేశాల ఆడవాళ్లను రెండు జట్లుగా చేసి, ఒక జట్టుకు పొట్ట కోసి, మరో జట్టుకు రంధ్రాల పద్ధతిలో ఇదే ఆపరేషన్ చేసి, ఏళ్ల తరబడి గమనించారు. రంధ్రాల పద్ధతి వారిలోనే జబ్బు ఎక్కువగా తిరగబెట్టింది. చనిపోయినవారు కూడా వారిలోనే ఎక్కువ. అలా వస్తుందని ఆ పరిశోధకులే అనుకోలేదట.

ప్రత్యర్థి చెప్పినది నిజమని తేలినప్పుడు ప్రత్యర్థిపై కోపం పోవాలని తర్కశాస్త్రం అంటుంది. తర్కశాస్త్రం ఆ బిస్కెట్‌ను చూడలేదు.

అయినా నిజం నిజమే. ఆపరేషన్ జరగాలి, కోసే జరగాలి, ఇక్కడే జరగాలి, వచ్చే మంగళవారమే జరగాలి. ఇక మిగిలినది అమ్మను ఒప్పించడం. దానికి ఒక సాయంత్రం చాలు.


మార్చి 2, ఆదివారం

అమ్మను చేర్చుకున్నారు. స్త్రీల శస్త్రచికిత్స వార్డు, కిటికీ పక్క మంచం. రేపు రక్తపరీక్షలు, మత్తు డాక్టరు చూడటం, ఎల్లుండి ఆపరేషన్. అమ్మ ఇంకా సంతకం చేయలేదు. "చూద్దాం," అన్నది.

పక్క మంచం మీద పిత్తాశయంలో రాళ్లున్న ఒక పెద్దమ్మ. ఆ రాళ్లను మనవల గురించి చెప్పినంత ముచ్చటగా చెబుతుంది. వార్డు గుమ్మం దగ్గర ఇత్తడి గంట. దాన్ని మోగించే ఆయాను అందరూ గంటమ్మ అంటారు. సందర్శకుల వేళ ముగిసేటప్పుడు మూడు గంటలు: మొదటిది హెచ్చరిక, రెండోది లేవడం, మూడోదానికి బయట ఉండాలి.

మా పోటీల్లోనూ ఇదే పద్ధతి! మొదటి గంట హెచ్చరిక, రెండోది ముగింపు, ఆపై అవతలి పక్షం వంతు. మూడో గంట మోగేలోపు వేదిక ఎక్కని పక్షం వాదించకుండానే ఓడినట్లు. ఈ ఆసుపత్రిపై నాకు తొలిసారి గౌరవం కలిగింది.

అమ్మ హెడ్ సిస్టర్‌ను ఒకే ప్రశ్న అడిగింది: "మూత్రానికి గొట్టం పెడతారటగా, ఎన్నాళ్లుంటుందండీ?"

"వారం, పది రోజులు. కొందరికి ఇంకొంచెం ఎక్కువ."

అమ్మ తల ఊపింది. తర్వాత చాలాసేపు దుప్పటి అంచు సరిచేసింది. దుప్పటి సరిగ్గానే ఉంది.


మార్చి 3, సోమవారం

ఇవాళ జరిగినదాన్ని జరిగినట్లే రాయాలి. అలంకారాలు వద్దు.

అమ్మ డిపోలో ఫిర్యాదుల కిటికీ వెనుక కూర్చుంటుంది. కండక్టరు తిట్టాడని ప్రయాణికుడు వస్తాడు. ప్రయాణికుడే చెయ్యి చేసుకున్నాడని కండక్టరు వస్తాడు. ఇద్దరి మాటా పూర్తిగా వినేవరకూ అమ్మ పెన్ను మూత తీయదు. డిపో మేనేజరు స్వయంగా వచ్చి నిలబడ్డా తీయదు. ఈ సంగతి నాకు పుట్టినప్పటి నుంచీ తెలుసు. తెలిసీ సిద్ధపడకపోవడం నా మొదటి తప్పు.

సాయంత్రం సందర్శకుల వేళ. నేను స్టూలు ఎక్కి నిలబడి ఆపరేషన్ పక్షాన మాట్లాడాను. గర్భసంచిని, దాని చుట్టూ ఉన్న కణజాలాన్ని, కటిలోని లింఫు గ్రంథులను ఎందుకు తీయాలో, పుండు చిన్నదిగా ఉండగానే ఎందుకు తీయాలో, ఆధారాలతో సహా చెప్పాను. బాగా మాట్లాడాను. నాన్న చప్పట్లు కొట్టాడు. పెద్దమ్మ, "మా చిన్నదానికీ ఇలా నోరుంటే అత్తారింట్లో బాగుపడేది," అన్నది.

అమ్మ పెన్ను మూత తీయలేదు.

"రెండో పక్షం?" అన్నది.

"రెండో పక్షం లేదమ్మా. ఇది పోటీ కాదు."

"లేకపోవడమేంటే? ఉరిశిక్ష ఉండాలని వాదించి ఒక కప్పు తెచ్చావు, ఉండకూడదని ఇంకో కప్పు తెచ్చావు. రెండూ ఫ్రిజ్ మీదే ఉన్నాయి, నేనే తుడుస్తున్నాను. ఒక్క పక్షం విని నేను ఏనాడైనా చీటీ రాశానా?"

"ఆ పక్షం ఎవరు మాట్లాడతారు?"

"నువ్వే. నీకేం, రెండూ వచ్చుగా."

ఇక్కడ నా రెండో తప్పు. దిగి, కూజాలో నీళ్లు తాగి, మళ్లీ స్టూలు ఎక్కాను. పేలవంగా మాట్లాడి ఉండవచ్చు. కానీ బలహీనమైన ప్రత్యర్థిపై గెలుపు గెలుపు కాదని నేను జూనియర్లకు బోధిస్తాను. కనుక నా బలమంతా పెట్టాను.

"గౌరవ అధ్యక్షురాలికి నమస్కారం. ఈ శరీరంపై ఫిర్యాదు చేసినవారెవరు? నొప్పి చేసిందా? లేదు. రక్తం చేసిందా? లేదు. ఒక కాగితం చేసింది. ఫిర్యాదుదారు హాజరుకాని కేసులో ముద్దాయిని కోస్తారా? కోసి తీసినదాన్ని మళ్లీ పెట్టగలరా? ఆ కోతలో మూత్రాశయానికి వెళ్లే నరాలు నలిగితే, మనిషి తన ఒంటికి తానే బతిమాలుకోవలసి వస్తే, ఆ అవమానానికి ఎవరు జవాబుదారీ? ఇక తొలిదశ, తొలిదశ అంటున్నారు. తొమ్మిది గంటల బస్సుకు ఆరింటికే వచ్చినవాడు పరుగెత్తుతాడా? పరుగెత్తవలసినవాడు ఆలస్యమైనవాడు. మనం ముందొచ్చాం అధ్యక్షా. ముందొచ్చినవారికి కూర్చునే హక్కుంది!"

రెండో గంట ఎప్పుడో మోగింది. గంటమ్మ మూడో గంట తాడు పట్టుకుని, నోరు తెరిచి, మోగించడం మరిచి నిలబడి ఉంది. ఆ అదనపు వ్యవధిలో నేను మరో రెండు వాక్యాలు జోడించాను. అవి ఇక్కడ రాయను. చాలా బాగున్నాయి.

ఇంత బాగా నేను ఏ పోటీలోనూ మాట్లాడలేదు.

అమ్మ పెన్నును మూతతోనే దిండు కింద పెట్టింది.

"ప్రతిపక్షం గెలిచింది," అన్నది.

"ఇద్దరూ బాగా మాట్లాడారు," అన్నాడు నాన్న.


మార్చి 4, మంగళవారం

అమ్మ సంతకం చేయలేదు.

అది చాలదన్నట్లు పక్క మంచం పెద్దమ్మ కూడా చేయలేదు. మూల మంచం ఆవిడ అయితే బట్టలు సర్దుకుని భర్తకు కబురు పెట్టింది. హెడ్ సిస్టర్ ఉదయం వార్డులోకి వస్తే మంచాల మీదినుంచి ఒకే మాట: "ముందొచ్చాం సిస్టర్. కూర్చుంటాం."

సర్జన్ వచ్చింది. చేతిలో బిస్కెట్ లేదు. నా ముందుకొచ్చి నిలబడింది.

"కరెంటు పోయి ఆపరేషన్లు ఆగడం చూశాను. నీళ్లు రాక ఆగడం చూశాను. ఉపన్యాసం వల్ల ఆగడం ఇదే మొదలు."

"అది నా అభిప్రాయం కాదు డాక్టర్. నా అభిప్రాయం మొదటి ఉపన్యాసం."

"ఆ సంగతి వార్డుకు తెలియదుగా."

నేను అక్కడే ఒక బహిరంగ చర్చకు ఆహ్వానించాను: ఆవిడ ఆపరేషన్ పక్షం, నేను మధ్యవర్తి. ఆవిడ ఒక్క మాట అన్నది: "నేను వాదించను. కోస్తాను."

అమ్మను ఇంటికి పంపుతారనుకున్నాను. పంపలేదు. "మీ అమ్మాయి పుణ్యమా అని మంచాలు ఖాళీగానే ఉన్నాయి, వచ్చే మంగళవారం దాకా ఉండండి," అన్నది హెడ్ సిస్టర్. ఆపరేషన్ చేయించుకోనన్న మనిషి ఆపరేషన్ వార్డులో మకాం పెట్టింది. వేళకు భోజనం వస్తోంది. అమ్మ ఆపరేషన్ అయినవాళ్లకు నీళ్లు అందిస్తోంది.


మార్చి 5

కాఫీ పూర్తిగా మానెయ్యాలి.


మార్చి 6, గురువారం

తీర్పుపై మూడు కారణాలతో అప్పీలు చేశాను.

మొదటి కారణం, ప్రతిపక్షం సమయం మించింది, మూడో గంట ఆలస్యమైంది, సాక్షి గంటమ్మ.

"వినేవాళ్లు వింటున్నంతసేపూ సమయం మించినట్లు కాదే," అన్నది అమ్మ. గంటమ్మ గుమ్మం దగ్గర నుంచి, "నేను మరిచిపోలేదమ్మాయ్, ఆగాను," అని వాంగ్మూలం మార్చింది.

రెండో కారణం, ప్రతిపక్షం బస్సు ఉపమానంతో అధ్యక్షురాలిని మభ్యపెట్టింది.

"మభ్యపెట్టడమేంటి? నాకు అర్థమయ్యేలా చెప్పింది. నువ్వేమో ఆధారాలు, అధ్యయనాలు అన్నావు."

మూడో కారణం, ప్రతిపక్ష వక్తకు తన వాదనపై నమ్మకం లేదు.

అమ్మ నా ముఖంలోకి చూసింది. "అలా అనిపించలేదే నాకు," అన్నది.

ఈలోగా పక్క మంచం పెద్దమ్మ కడుపు పట్టుకుని మెలికలు తిరిగిపోయింది. చెమటలు. "సిస్టరూ! సంతకం ఎక్కడ పెట్టాలి? ఏమే అమ్మాయ్, నా బస్సు వచ్చేసిందే! కూర్చోమన్నావు కదే!" స్ట్రెచర్ మీద పోతూ కూడా నన్ను తిడుతూనే ఉంది. అత్యవసరంగా ఆపరేషన్ చేశారు. బాగానే ఉందట.

నేను వెంటనే దాన్ని కొత్త సాక్ష్యంగా ప్రవేశపెట్టాను. అమ్మ ఆలోచించి కొట్టేసింది: "ఆవిడ కేసులో ఫిర్యాదుదారు హాజరయ్యాడు. నా కేసులో ఇంకా రాలేదు."

ఈ వాక్యం నాది. నా వాక్యాన్ని పట్టుకుని అమ్మ నన్నే ఓడిస్తోంది.


మార్చి 7, శుక్రవారం

సర్జన్ గదికి వెళ్లాను. ఇవాళ నిలబడలేదు, కూర్చున్నాను. కుర్చీ ఎత్తు తక్కువ.

"ఆగితే ఏమవుతుంది? ఉపమానాలు లేకుండా చెప్పండి."

"ఉపమానం మొదలుపెట్టింది నువ్వేగా. తొమ్మిదింటి బస్సన్నావట. ఆ బస్సు తొమ్మిదింటికని నీకెవరు చెప్పారు? దానికి టైమ్ టేబుల్ లేదు. ఇప్పుడు ఆ పుండు చిటికెన వేలి గోరంత ఉంది. అది కాస్త పెరిగినా, చుట్టుపక్కలకు పాకినా, ఇక కోసి తీసే వీలుండదు. అప్పుడు రేడియేషన్, మందులు, వేరే ఊరు, వారాల తరబడి. దానివల్లా బతుకుతారు. కానీ ఇప్పుడున్నన్ని అవకాశాలు అప్పుడుండవు. తొలిదశ అంటే తీరిక కాదమ్మా. వీలు."

"ఈ మాట మీరే అమ్మతో చెప్పండి."

"చెప్పాను. 'మీరు బాగా చెప్పారు, కానీ మా అమ్మాయి ఇంకా బాగా చెప్పింది' అన్నది మీ అమ్మ."

ఆవిడ పొట్లం నా వైపు జరిపింది. నేను తీసుకోలేదు. ఆత్మగౌరవం వల్ల కాదు. చేతులు బల్ల కింద ఉన్నాయి.


మార్చి 8, శనివారం

ప్రతిపక్ష వక్త నా గదిలోనే ఉంటోంది. నా దువ్వెనతోనే తల దువ్వుకుంటుంది, నా కంచంలోనే తింటుంది. నేను ఏ వాక్యం మొదలుపెట్టినా ఆమె ముగిస్తుంది. నిన్న అద్దం ముందు నిలబడి ఆమె వాదనకు ఖండన తయారుచేశాను. మొదటి అంశం దగ్గరే, "గొట్టం సంగతి చెప్పు," అన్నది. చెప్పలేకపోయాను.

ఆమెను నేను తయారుచేయలేదు. ఆ సోమవారం నీళ్లు తాగి స్టూలు ఎక్కేసరికి ఆమె అప్పటికే అక్కడ నిలబడి ఉంది.

ఈ పేజీ చింపెయ్యాలి. తర్కానికి నిలవదు.


మార్చి 9, ఆదివారం

అమ్మ కిటికీ దగ్గర కూర్చుని నాచేత తల దువ్వించుకుంది.

"ఆ రోజు నువ్వు చెప్పినవన్నీ నా కడుపులో ఉన్నవేనే," అన్నది వీధివైపు చూస్తూ. "ఒంటికి తానే బతిమాలుకోవడం అన్నావు చూడు. డాక్టరమ్మ గొట్టం అన్న దగ్గర్నుంచీ నాకదే. ఎవరితో చెప్పను? మీ నాన్నతో చెబితే ఫొటో ఫ్రేములు తుడుస్తూ కూర్చుంటారు. నాకు మాటలు రాలేదు. నువ్వు ఇచ్చావు. అందుకే గెలిపించాను."

నేను దువ్వుతూనే ఉన్నాను.

"నీకెలా తెలిశాయే అవన్నీ?"

"తయారయ్యాను."

"ఎప్పుడు? స్టూలు దిగావు, నీళ్లు తాగావు, ఎక్కావు."

దువ్వెనలో చిక్కిన వెంట్రుకలు తీశాను. జవాబు లేకపోవడం ఇదే మొదటిసారి కనుక నమోదు చేస్తున్నాను.

కాసేపటికి, "పునర్విచారణ కావాలి," అన్నాను. "కొత్త సాక్ష్యం ఉంది. టైమ్ టేబుల్ గురించి."

"డాక్టరమ్మ చెప్పిందేగా?"

"నేను చెబుతాను."

అమ్మ నా చేతిలోంచి దువ్వెన తీసుకుంది. "సరే. రేపు సాయంత్రం. కానీ రెండు పక్షాలూ రావాలి. ఒక్క పక్షం విని రాయను."


మార్చి 10, సోమవారం

వార్డంతా ముందే సిద్ధమైంది. పెద్దమ్మ కుట్లు పట్టుకుని దిండుకు ఆనుకుని కూర్చుంది. మూల మంచం ఆవిడ, ఇన్నాళ్లకు తీసుకెళ్లడానికి వచ్చిన భర్తను బయట నిలబెట్టింది. నాన్న కెమెరా తెచ్చాడు, ఎందుకో అడగలేదు. హెడ్ సిస్టర్ పని లేకపోయినా మందుల బండి తోసుకుంటూ ఇటూ అటూ తిరుగుతోంది.

అమ్మ మంచం మీద నిటారుగా కూర్చుంది. సమ్మతి పత్రం ఒళ్లో, దానిమీద మూత పెట్టిన పెన్ను.

నేను స్టూలు ఎక్కలేదు. దానిమీద కూర్చున్నాను.

"ఆ బస్సుకి టైమ్ టేబుల్ లేదమ్మా," అన్నాను. "అది ఎప్పుడు పోతుందో డాక్టరుకీ తెలియదు, నాకూ తెలియదు. ఇప్పుడు మాత్రం ఉంది. అంతే."

"అంతేనా?" అన్నది పెద్దమ్మ, నిరాశగా. "పోయినసారి ఎంత బాగా చెప్పావే!"

"ప్రతిపక్షం?" అన్నది అమ్మ.

నేను కదలలేదు.

మొదటి గంట మోగింది.

అమ్మ నా వైపు చూసింది. తర్వాత గుమ్మం వైపు చూసింది, నిజంగానే ఎవరో రావలసి ఉన్నట్లు. వార్డంతా గుమ్మం వైపు తిరిగింది. మందుల బండి ఆగింది. నాన్న కూడా అటే చూశాడు. అటు కారిడార్‌లో ఎవరిదో ఖాళీ చక్రాల కుర్చీ తప్ప ఏమీ లేదు.

రెండో గంట మోగింది.

నా జీవితంలో నేను ఇంతసేపు మాట్లాడకుండా కూర్చున్న సందర్భం మరొకటి లేదు. చిన్నప్పుడు జ్వరంలో కూడా వాదించేదాన్నట.

"రాలేదా?" అన్నది అమ్మ.

"రాలేదు."

"ఇంకొంచెంసేపు చూద్దామా?" గంటమ్మ తాడు పట్టుకుని గుమ్మం నుంచి అడిగింది. "నేను ఆగుతానమ్మా. నాకేం తొందర లేదు."

"రాకపోతే మీ రూలేంటమ్మాయ్?" అన్నది పెద్దమ్మ.

"మూడో గంట మోగేలోపు రాకపోతే ఓడినట్లే."

అమ్మ మరోసారి గుమ్మం వైపు చూసింది. ఆ చూపును ఎలా రాయాలో నాకు తెలియడం లేదు. తర్వాత పెన్ను చేతిలోకి తీసుకుంది.

"మోగించు గంటమ్మా," అన్నది.

గంట మోగింది. అమ్మ పెన్ను మూత తీసింది.

"ఏమోయ్, గడ్డం కొంచెం పైకి," అన్నాడు నాన్న.

"ఎందుకండీ ఇప్పుడు?"

"ఊరికే."


మార్చి 11, మంగళవారం

ఉదయం తీసుకెళ్లారు. మధ్యాహ్నం దాటాక సర్జన్ బయటికి వచ్చి, "తీసేశాం. అంతా సవ్యంగా జరిగింది. గ్రంథులు పరీక్షకు పంపాం," అన్నది.

నాన్న వెంటనే ఆవిడ పక్షం చేరిపోయాడు.

ఇవాళ కాఫీ తాగలేదు. చేతులు వణికాయి.


మార్చి 12

అమ్మ కళ్లు తెరిచి పూర్తి స్పృహతో అన్న మొదటి మాట: "మత్తు డాక్టరు ఒకటి నుంచి పది దాకా లెక్కపెట్టమని, నాలుగు దగ్గరే ఆపేశాడు. ఇది ఫిర్యాదు కిందికి వస్తుందా?"

వస్తుందన్నాను.


మార్చి 21, శుక్రవారం

గొట్టం తీశారు. సాయంత్రం దాకా ఏమీ లేదు. అమ్మ లోపల, మేమంతా స్నానాల గది బయట.

సిస్టర్ కుళాయి తిప్పి వదిలింది, నీళ్ల చప్పుడు వింటే వస్తుందని. పెద్దమ్మ కుట్లు విప్పించుకోవడానికి వచ్చి, ఈ కబురు విని ఉండిపోయింది. "తొందరపెట్టకండే దాన్ని, సిగ్గుపడుతుంది!" అని అరుస్తోంది. గంటమ్మ గంట దగ్గర సిద్ధంగా నిలబడింది, ఎందుకో ఆమెకే తెలియాలి.

లోపలి నుంచి అమ్మ గొంతు: "ఏమే!"

"ఏంటమ్మా?"

"ఏదో ఒకటి మాట్లాడవే. ఈ నిశ్శబ్దంలో రాదు."

ఉరిశిక్ష ఉండాలన్న పక్షం మొదలుపెట్టాను. ఫలితం లేదు. ఉండకూడదన్న పక్షానికి మారాను. రెండో అంశం పూర్తవుతుండగా లోపల చప్పుడు.

గంటమ్మ గంట మోగించింది. వార్డు చప్పట్లు కొట్టింది. సిస్టర్ కొలిచి, లోపల ఎంత మిగిలిందో చూసి, "చాలు, గొట్టం అక్కర్లేదు," అన్నది. తలుపు తెరిచి బయటికి వచ్చిన అమ్మ ముఖం, రెండు కప్పులు ఒకేసారి గెలిచినదాని ముఖం.

నాకు జ్ఞాపకమున్నంతలో నా వాదనకు ఇంత స్పష్టమైన ఫలితం ఎప్పుడూ రాలేదు.


మార్చి 25, మంగళవారం

రిపోర్టు వచ్చింది. గ్రంథుల్లో ఏమీ లేదు. కోత అంచుల్లో ఏమీ లేదు. రేడియేషన్ అక్కర్లేదు. మూడు నెలలకోసారి వచ్చి చూపించుకోవాలి.

సర్జన్ పొట్లం జరిపింది. తీసుకున్నాను.

"పందొమ్మిది కాదు ఇప్పుడు. ఇరవై," అన్నది ఆవిడ. "కానీ ఇంకోసారి నా వార్డులో స్టూలు ఎక్కావంటే బయటికి పంపిస్తాను."

ఆ స్టూలుపై నాకున్న హక్కు గురించి ఒక వాక్యం నోటిదాకా వచ్చింది. నోట్లో బిస్కెట్ ఉంది.


మార్చి 30, ఆదివారం

ఇల్లు. అమ్మ పొట్టకు దిండు అదుముకుని మెల్లగా నడుస్తోంది. దగ్గు వస్తే నాన్నను తిడుతుంది, నవ్వు వస్తే నన్ను. ఫ్రిజ్ మీది కప్పులు తుడవబోతే వద్దన్నాను. నేను తుడిచాను. సరిగ్గా తుడవలేదట.

నాన్న ఆ సాయంత్రం ఫొటోను కడిగి తెచ్చాడు. అమ్మ చేతిలో మూత తీసిన పెన్ను. గడ్డం పైకి లేదు. చూపు కెమెరా వైపు లేదు, గుమ్మం వైపు ఉంది.

"గడ్డం ఎత్తమంటే వినవు," అన్నాడు నాన్న.

ఆయన స్టూడియోకి వెళ్లాక అమ్మ ఆ ఫొటో పట్టుకుని చాలాసేపు కూర్చుంది.

"నీతో ఉండేది, ఆ ప్రతిపక్షం," అన్నది. "మళ్లీ కనిపించిందా?"

"అప్పుడప్పుడు."

"ఈసారి వస్తే లోపలికి రమ్మను. ఆ రోజు మూడో గంట దాకా నేను గుమ్మం వైపు ఎందుకు చూశాననుకున్నావు? వస్తుందేమోనని. వస్తే బాగుండునని." ఫొటోను బోర్లా పెట్టింది. "రాలేదు. మంచిపని చేసింది."

వాస్తవాలు సరిగ్గా ఉండాలి కనుక, ఎవరూ చదవని ఈ చోట మాత్రం సవరిస్తున్నాను.

ఆమె వచ్చింది. మొదటి గంటకు ముందే వచ్చింది. స్టూలు మీద నా పక్కనే, సగం స్టూలు ఆక్రమించి కూర్చుంది. మూడో గంట మోగేదాకా నేను రెండు చేతులతో ఆమె నోరు మూసి పట్టుకున్నాను.